అత్తరు కూడా పనికిరాని గది



2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. సూర్యుణ్ణి పరిశీలించడానికే మన దేశం ప్రత్యేకంగా పంపిన మొదటి వ్యోమనౌక అది. అందులో ఏడు పరికరాలున్నాయి. వాటిలో ముఖ్యమైన దూరదర్శినిని బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్ళు హోసకోట దగ్గరున్న తమ ప్రయోగశాలలో కూర్చారు. రాయచోటి నుంచి మదనపల్లె, చింతామణి మీదుగా బెంగళూరుకు పోయేవాళ్ళకు హోసకోట తెలిసిన ఊరే. అక్కడ ఆ పరికరం మీద పనిచేసినవాళ్ళకు ఒక కట్టడి ఉండేదని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. ఒంటికి సెంటు పూసుకుని రాకూడదట.

మన రాయచోటి వాళ్ళకు ఇది కాస్త కష్టమైన మాటే. కువైట్ నుంచి ఎవరొచ్చినా పెట్టె తెరవగానే ముందు బయటపడేది అత్తరు సీసా. ఒక చుక్క అత్తరుకు, సూర్యుణ్ణి చూసే అద్దానికి ఏమిటి విరోధం?

సూర్యుడి చుట్టూ కరోనా అనే పలచటి వెలుగు ఉంటుంది. సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు తప్ప మామూలు కంటికి కనిపించదు. సూర్యబింబం కాంతితో పోలిస్తే అది పది లక్షల్లో ఒక వంతు మాత్రమే. ఈ దూరదర్శిని బింబాన్ని మరుగుపరిచి ఆ ఒక్క వంతును పట్టుకోవాలి. అద్దం మీద కంటికి ఆనని రేణువు ఒకటి కూర్చుంటే, బింబం వెలుగు దానికి తగిలి చెదురుతుంది. చెదిరిన ఆ వెలుగులో కరోనా మునిగిపోతుంది. ఇక అత్తరు సంగతి. అది రేణువు కూడా కాదు, ఆవిరి. దుమ్మును పట్టే ఫిల్టర్లు దాన్ని పట్టలేవు. చల్లటి అద్దం దొరికితే దాని మీద పొరగా దిగుతుంది. ఆ అద్దం ఇప్పుడు భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. పోయి తుడిచొచ్చేవాళ్ళు లేరు.

గాలిని ఇంత పట్టింపుగా కాపాడే గదిని క్లీన్‌రూం అంటారు. ఇదంతా శాస్త్రవేత్తల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన వైపు డిప్లొమాలు, డిగ్రీలు చదివిన పిల్లలు ఇప్పుడు శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలకు, రేణిగుంట దగ్గర తెరల ప్యానెళ్ళు చేసే చోటికి, హైదరాబాదు చుట్టూ ఇంజెక్షన్లు, టీకాలు తయారుచేసే కంపెనీలకు పోతున్నారు. 2025 ఆగస్టులో మన రాష్ట్రానికి ఒక సెమీకండక్టర్ ప్యాకేజింగ్ యూనిట్‌ను కూడా కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఇలాంటి పనుల్లో ఎక్కడో ఒకచోట క్లీన్‌రూం తగులుతుంది. చేరిన మొదటి వారంలోనే వందరకాల నియమాలు చెబుతారు. కాటుక వద్దు, పూలు వద్దు, పరుగెత్తొద్దు, పెన్సిలు తేవొద్దు. ఎందుకో మాత్రం చాలాచోట్ల చెప్పరు. కారణం తెలియని నియమాన్ని మనిషి సూపర్‌వైజరు ఉన్నంతసేపే పాటిస్తాడు. అందుకే ఈ పూట ఆ కారణాల గురించి నాలుగు మాటలు చెబుతాను.

దుమ్ము మనకు కొత్త కాదు. ఆషాఢం గాలికి ఇంట్లో గిన్నె మీద మూత పెట్టకుండా అన్నం తినలేం. గాలివీడు సోలార్ పార్కులో పలకల మీద పేరుకున్న దుమ్మును కడక్కపోతే కరెంటు తగ్గిపోతుంది. కానీ క్లీన్‌రూం వాళ్ళను భయపెట్టేది ఈ ఎర్రదుమ్ము కాదు. కంటికి కనిపించే దుమ్ము బరువుగా ఉంటుంది, కింద పడుతుంది, తుడిచేస్తే పోతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మన కంటికి 50 మైక్రాన్ల కంటే చిన్నది ఆనడం కష్టం. క్లీన్‌రూంలో లెక్కపెట్టేది అర మైక్రాను రేణువుల్ని. అంత చిన్నది గాలి కదలని గదిలో కూడా రోజంతా తేలుతూనే ఉంటుంది. కింద పడితే కదా ఊడ్చేది!

ఈ గదులకు ప్రపంచమంతా ఒప్పుకున్న తరగతులున్నాయి. అంకె తగ్గేకొద్దీ శుభ్రం పెరుగుతుంది. ఐఎస్ఓ 9 అంటే దాదాపు మనం కూర్చున్న మామూలు గది. ఘనమీటరు గాలిలో అర మైక్రాను, అంతకు పైబడ్డ రేణువులు 3 కోట్ల 52 లక్షల దాకా ఉండొచ్చు. ఎనిమిదో తరగతిలో 35 లక్షల 20 వేలు. ఉపగ్రహాలు కూర్చే పెద్ద హాళ్ళు సాధారణంగా ఈ తరగతివి. ఐదో తరగతిలో 3,520 దాటకూడదు. ఇంజెక్షన్ సీసా మూత లేకుండా ఉండే ఆ కొద్ది సెకన్లు ఈ ఐదో తరగతి గాలిలోనే గడవాలి. ఆదిత్య దూరదర్శినిని కూర్చిన గది దీనికంటే ఇంకో మెట్టు పైన, నాలుగో తరగతిది.

ఇంత శుభ్రమైన గాలిని ఎలా తెస్తారు? 1960 దాకా ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు. గది సందులన్నీ మూసేవాళ్ళు, గోడలు నున్నగా చేసేవాళ్ళు, మనుషులకు కోట్లు తొడిగేవాళ్ళు, వాక్యూమ్ పెట్టి పీల్చేవాళ్ళు. అయినా రేణువులు పోయేవి కావు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలో సాండియా అనే ప్రయోగశాల ఉంది. అణ్వాయుధాల్లో వాడే అతి చిన్న భాగాలు దుమ్ము పడి చెడిపోతుంటే అక్కడి భౌతిక శాస్త్రవేత్త విల్లిస్ విట్‌ఫీల్డ్‌కు దాన్ని ఆపే పని అప్పజెప్పారు. ఆయన ఓక్లహామాలో పత్తి రైతు కొడుకు. దుమ్మును బయటే ఆపే ప్రయత్నం మాని ఆయన కొత్త దారి పట్టాడు. లోపల ఎలాగూ దుమ్ము పుడుతుంది కాబట్టి, పుట్టింది పుట్టినట్టు గాలితో తోసేయాలన్నాడు.

కళ్ళంలో కొర్రలు తూర్పారబట్టినవాళ్ళకు ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. గాలి ఒకే దిక్కు నుంచి నిలకడగా వస్తే పొట్టు దూరంగా పోయి పడుతుంది. సుడి తిరిగిందంటే పొట్టంతా మళ్ళీ గింజల్లోకే వస్తుంది. పాత గదుల్లో గాలి సుడి తిరిగేది. విట్‌ఫీల్డ్ గదిలో ఫిల్టర్లలోంచి వచ్చిన గాలి మొత్తం ఒకే వేగంతో ఒకే దిక్కుకు కదిలి, నేలలోని జాలీ గుండా బయటికి పోయేది. గదిలో గాలి నిమిషానికి పదిసార్లు మారేది. మొదటిసారి పరీక్షించినప్పుడు రేణువులు లెక్కపెట్టే యంత్రాల్లో అంకె దాదాపు సున్నా చూపిస్తుంటే యంత్రాలు పాడయ్యాయేమో అనుకున్నారట. అప్పటిదాకా ఉన్న గదుల కంటే అది వెయ్యి రెట్లు శుభ్రం. 1962లో ఈ సంగతి లోకానికి తెలిసింది, 1964లో పేటెంటు వచ్చింది. ఆల్బుకర్కీలో ఒక ఆసుపత్రి వెంటనే తన ఆపరేషన్ థియేటరుకు ఈ పద్ధతి తెచ్చుకుంది. బాంబుల కోసం పుట్టిన ఉపాయం కదా, ఇన్నాళ్ళలో అది కాపాడిన ప్రాణాలెన్నో ఎవరూ లెక్క వేయలేదు.

ఆ ఫిల్టరు సంగతి కూడా చెప్పాలి. దాని పేరు హెపా. అదీ అణుబాంబు తయారీ రోజుల్లోనే, 1940లలో, రేడియోధార్మిక రేణువుల్ని పట్టడానికి పుట్టింది. సన్నటి గాజుపోగులతో చేసిన మడతల కాగితం అది. అందులో ఒక చిత్రం ఉంది. పోగుల మధ్య ఖాళీలు చాలా రేణువుల కంటే పెద్దవి. మరి ఎలా ఆపుతుంది? పెద్ద రేణువు గాలితోపాటు మలుపు తిరగలేక పోగుకు కొట్టుకుని అక్కడే అంటుకుంటుంది. మరీ చిన్నదేమో గాలి అణువుల తాకిడికి తడబడుతూ తిరిగి ఎక్కడో ఒకచోట పోగును తాకుతుంది. ఈ రెంటికీ మధ్య, 0.3 మైక్రాను దగ్గరున్న రేణువు తప్పించుకోవడంలో గడుసుది. అందుకే ఫిల్టరును ఆ సైజు దగ్గరే పరీక్షిస్తారు. పదివేల రేణువులు పంపితే మూడు మించి దాటకూడదు. అంతకంటే చిన్నవి ఇంకా తేలిగ్గా దొరుకుతాయి.

ఇప్పుడు పరుగెత్తొద్దన్న నియమానికి వద్దాం. ఐదో తరగతి గాలి సెకనుకు సుమారు 45 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. గంటకు కిలోమీటరున్నర పైచిలుకు. మామూలుగా నడిచే మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతాడు. అంటే గదిలో గాలి కంటే మనిషే వేగం. వాడు గబగబా నడిస్తే వెనక గాలి సుడి తిరుగుతుంది, కింద ఉన్న రేణువు పైకి లేస్తుంది. అందుకే లోపల నిదానంగా కదలమంటారు. సీసా మీదుగా చెయ్యి చాపొద్దు, పక్క నుంచే అందుకో అంటారు. ఫిల్టరు నుంచి దిగిన గాలి సీసాను తాకేలోపు మధ్యలో ఏదీ తగలకూడదు. చెయ్యి తగిలిందా, చేతి మీది రేణువులు నేరుగా మందులో పడతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు గదిలో తెల్లటి పొగ వదిలి, గాలి ఎటు పోతోందో వీడియో తీస్తారు. ఆ పొగ ఒక మనిషి మోచేతి దగ్గర మెలి తిరగడం చూసినవాడికి మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

క్లీన్‌రూంలో అన్నిటికంటే మురికి పుట్టించేది మనిషి. ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఒక పాత లెక్క ఉంది. కదలకుండా కూర్చున్న మనిషి నుంచి నిమిషానికి లక్ష రేణువులు రాలతాయి. నడిస్తే యాభై లక్షలు. చర్మం పొలుసులు, బట్టల నూగు, ఊపిరితో వచ్చే తుంపర, జుట్టు. స్నానం చేసొచ్చినా రాలతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మనిషి ఒళ్ళే అంత. ఆ పైన పౌడరు, కాటుక, కుంకుమ, విభూతి, మల్లెపూల పుప్పొడి. అన్నీ పొడులే. బీడీ తాగి వచ్చినవాడి ఊపిరిలో కొన్ని నిమిషాలదాకా పొగ రేణువులు వస్తూనే ఉంటాయి. పెన్సిలు, రబ్బరు, మామూలు కాగితం, అట్టపెట్టె, అన్నీ నూగు రాల్చేవే. అట్టపెట్టెలో వచ్చిన సామాను బయటి గదిలోనే విప్పి, లోపలి సంచిని తుడిచి మరీ లోపలికి పంపుతారు. నూలు బట్ట కూడా పనికిరాదు. తెగని పోగుతో నేసిన పాలిస్టరు సూటు ఇస్తారు. పత్తి రైతు కొడుకు కనిపెట్టిన గదిలోకి పత్తికి ప్రవేశం లేదు!

ఆ సూటు తొడుక్కోవడం ఒక తతంగం. మధ్యలో అడ్డంగా ఒక బెంచీ ఉంటుంది. దాని ఇవతల మైల, అవతల మడి. బెంచీ మీద కూర్చుని ఒక కాలికి బూటు తొడిగి ఆ కాలు అవతల పెట్టాలి, తర్వాత రెండోది. బూట్ల కంటే ముందే తలకు టోపీ, మూతికి మాస్కు, హుడ్డు, ఆ తర్వాత సూటు, అలా పైనుంచి కిందికి వరసలో వేసుకోవాలి. సూటు కాలు నేలను తాకకూడదు. మడత విప్పేటప్పుడే లోపలివైపు పట్టుకోవాలి. కొన్నిచోట్ల ఆ తర్వాత ఎయిర్ షవర్ అని చిన్న గదిలో నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ గాలి కొడతారు. దానివల్ల ఎంత ఉపయోగమన్న దాని మీద నిపుణుల్లోనే రెండు మాటలున్నాయి. లోపలికి పోతున్నామన్న ఎరుక కలిగించడానికైనా పనికొస్తుందని నా అభిప్రాయం.

మా అన్న కూతురు హైదరాబాదు దగ్గర ఇంజెక్షన్లు నింపే యూనిట్లో పనిచేస్తుంది. పండక్కి వచ్చినప్పుడు అడిగితే ఒక మాట చెప్పింది. "చిన్నాయనా, లోపలికి పోయేటప్పుడు ఏం భయం లేదు, బయటికొచ్చేటప్పుడే గుండె దడ." బయటికి వచ్చే ముందు గ్లవుజు తొడిగిన పది వేళ్ళనూ అగర్ అనే జెల్లీ పరిచిన ప్లేటు మీద ఒత్తాలి. జున్ను ముక్కలా మెత్తగా, తేనెరంగులో ఉంటుందట ఆ అగర్. దాన్ని వెచ్చగా కొన్ని రోజులు ఉంచుతారు. సూక్ష్మజీవి ఒకటి అంటుకుని ఉన్నా అది పెరిగి చుక్కలా తేలుతుంది. ఏ వేలి కింద తేలిందో కూడా తెలిసిపోతుంది. మూతి గీరుకున్నామా, కళ్ళజోడు సర్దుకున్నామా అన్నది మనం మరిచిపోయినా ప్లేటు మరిచిపోదు అంది. గ్లవుజుల మీద మాటిమాటికీ స్పిరిట్ కొట్టుకుంటారట. అందులో ఆల్కహాలు 70 శాతమే, మిగతాది నీళ్ళు. నూటికి నూరు పాళ్ళ ఆల్కహాలు ఇంకా బాగా చంపుతుంది కదా అని నేనడిగాను. కాదట. నీళ్ళు ఉంటేనే సూక్ష్మజీవి లోపలి ప్రొటీను విరుగుతుంది. పైగా స్వచ్ఛమైన ఆల్కహాలు పని చేసేలోపే ఆవిరైపోతుంది.

ఆ యూనిట్లలో ఇంకో పరీక్ష ఉంది. దాన్ని మీడియా ఫిల్ అంటారు. మందు బదులు సూక్ష్మజీవులకు ఇష్టమైన పోషక ద్రవాన్ని సీసాల్లో నింపుతారు. రోజూ చేసినట్టే, అదే మనుషులతో, అదే వేగంతో. మధ్యలో యంత్రం ఆగిపోతే బాగుచేయడం లాంటివి కూడా కావాలనే చేయిస్తారు. ఆ సీసాల్ని పద్నాలుగు రోజులు వెచ్చగా పెట్టి వెలుతురులో ఒక్కొక్కటీ తిప్పి చూస్తారు. ఒక్క సీసా మబ్బుగా కనిపించినా విచారణే. తయారైన మందులో కొన్ని సీసాలు తీసి పరీక్షిస్తే సరిపోదా అంటే, వేలల్లో ఒక్కటి చెడితే ఆ నమూనాకు అది దొరకదు. దొరికేది రోగికే.

గదిలో గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువ ఉంచుతారు. పక్కపక్క గదుల మధ్య తేడా పది పదిహేను పాస్కళ్ళు, అంటే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల నీటి మట్టమంత. ఆ కాస్త చాలు, తలుపు తీసినప్పుడు గాలి లోపల్నుంచి బయటికే పోతుంది. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులుంటాయి, రెండూ ఒకేసారి తెరుచుకోవు. కొన్ని చోట్ల మాత్రం ఈ లెక్క తలకిందులు. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కొవాగ్జిన్ తయారు చేసింది బతికున్న కరోనా వైరస్‌ను పెంచి, తర్వాత దాన్ని చంపి. అట్లాంటి చోట గాలి బయటికి పోకూడదు కాబట్టి లోపలి ఒత్తిడి తక్కువగా ఉంచి, బయటికి వదిలే గాలిని కూడా హెపా గుండా పంపుతారు. ఒకచోట గది మనిషి నుంచి మందును కాపాడితే, ఇంకోచోట అదే గది వైరస్ నుంచి ఊరిని కాపాడుతుంది.

మన వాతావరణానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. మన వైపు గాలి పొడిగా ఉన్న రోజుల్లో నైలాన్ చొక్కా విప్పితే చిటపటమంటుంది. ఆ చిన్న నిప్పురవ్వ మనకు తమాషా. చిప్‌కు మాత్రం చావు. మనకు తెలియనంత చిన్న విద్యుత్తు కూడా దాన్ని లోపల కాల్చేస్తుంది. పైగా అలా విద్యుత్తు ఎక్కిన ప్లాస్టిక్కు, గాజు దుమ్మును తమవైపు లాక్కుంటాయి. అందుకని ఎలక్ట్రానిక్స్ క్లీన్‌రూంలో గాలిని మరీ ఎండనివ్వరు, తేమను సుమారు సగం దగ్గర నిలబెడతారు. సూట్లలో కార్బను పోగులు నేస్తారు, మణికట్టుకు పట్టీ కట్టి ఎర్తు ఇస్తారు. శ్రీహరికోటలో బాధ దీనికి వ్యతిరేకం. ఒక పక్క పులికాట్ సరస్సు, ఒక పక్క సముద్రం. గాలిలో ఉప్పు, తేమ. అక్కడ ఉపగ్రహం మూసిన పెట్టెలో వస్తుంది, క్లీన్‌రూంలోనే విప్పుతారు. రాకెట్ పైన ఉష్ణకవచంలో పెట్టి మూసేశాక కూడా లోపలికి వడగట్టిన చల్లటి గాలి పంపుతూనే ఉంటారు.

2015 సెప్టెంబర్ 28న అక్కడి నుంచి వెళ్ళిన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో అతినీలలోహిత దూరదర్శిని ఉంది. కక్ష్యలోకి చేరాక కూడా దాని తలుపుల్ని రెండు నెలలపాటు తెరవలేదు. ఉపగ్రహంలోని జిగురు, రంగులు, వైర్ల తొడుగులు వదిలే ఆవిర్లు శూన్యంలోకి చెదిరిపోయేదాకా ఆగి, నవంబరు చివర తెరిచారు. మన అత్తరు కథే ఇదీ. సమయం ఇచ్చి ఆవిరిని పోనివ్వడం తప్ప అక్కడ వేరే ఫిల్టరు లేదు.

చివరగా యజమానులకు ఒక మాట. క్లీన్‌రూంలో పనిచేసే మనిషికి జలుబు చేసినా, చర్మం మీద పొక్కులు లేచినా, ఎండదెబ్బకు ఒళ్ళు పొలుసులూడుతున్నా ముందుగా చెప్పాలన్న నియమం మంచి కంపెనీలన్నిటిలో ఉంది. చెప్పినవాణ్ణి ఆ రోజుకు లోపలికి పంపరు. కానీ కాంట్రాక్టు మీద ఉన్న పిల్లవాడికి ఆ రోజు కూలి కోస్తే వాడెందుకు చెబుతాడు? మాస్కు కింద ముక్కు తుడుచుకుంటూ లోపలికే పోతాడు. కోట్లు పెట్టి ఫిల్టర్లు కొన్నవాళ్ళు ఈ ఒక్క రోజు జీతం దగ్గర వెనకాడటం నాకు వింతగా తోస్తుంది. అటువంటివాణ్ణి ప్యాకింగు దగ్గరో, రికార్డులు రాసే గదిలోనో కూర్చోబెట్టి పూర్తి జీతం ఇవ్వొచ్చు. కొన్ని కంపెనీలు అలా ఇస్తున్నాయి కూడా. ఉద్యోగానికి పోయే మన పిల్లలు ఇంటర్వ్యూలో బస్సు సంగతి, క్యాంటీన్ సంగతి అడిగినట్టే, జలుబు చేసిన రోజు జీతం ఇస్తారా అని కూడా అడగాలి.